వలస వెళ్ళిన జైనులు అంత పెద్ద గుళ్ళు ఎలా కట్టుకున్నారు?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది గుంటూరు. ఈ మధ్యే ఉద్యోగం మీద లెస్టర్ వచ్చాం. ఇక్కడ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ముందువైపు పాలరాతి చెక్కడాలు, పక్కనుంచి చూస్తే పాత చర్చిలా కనిపించే జైన మందిరం ఉంది. ఇంగ్లండ్‌లో జైనులు ఎంతమంది ఉంటారని ఇంత గుడి? ఆ డబ్బు ఎక్కడిది? శ్వేతాంబరులకీ దిగంబరులకీ పడదంటారు కదా, రెండు సంప్రదాయాల విగ్రహాలూ ఒకే కప్పు కింద ఎలా ఉన్నాయి? మనలాంటివాళ్ళు లోపలికి వెళ్ళొచ్చా?"

వెళ్ళొచ్చు. తప్పకుండా వెళ్ళండి. ఎలా వెళ్ళాలో చివర్లో చెప్తాను.

నేను చాలా ఏళ్ళు నైరోబీలో, తర్వాత లెస్టర్‌లో ఆడిటర్‌గా పనిచేశాను. నా దగ్గరికి వచ్చిన లెక్కల్లో ఎక్కువ భాగం జైన కుటుంబాలవి, వాళ్ళ ట్రస్టులవి. నేను జైనుణ్ణి కాను. కానీ గుడి ఎలా నిలబడుతుందో లెక్కల పుస్తకాల్లోంచి చూసినవాణ్ణి కాబట్టి మీ ప్రశ్నకి ఆ వైపు నుంచే జవాబు చెప్తాను.

ముందు సంఖ్య. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి తాము జైనులమని రాసుకున్నవాళ్ళు సుమారు 25 వేల మంది. చాలామంది ఫారంలో "హిందూ" అని టిక్ పెట్టేస్తారు కాబట్టి అసలు సంఖ్య ఇంకొంత ఎక్కువే ఉంటుంది. అయినా చిన్న సమాజమే. ఆ మాటకొస్తే 2011 లెక్కల ప్రకారం మన దేశంలోనే వాళ్ళు దాదాపు 44.5 లక్షలు, అంటే నూటికి అర మంది కూడా లేరు.

ఇక అసలు విషయం. విదేశాల్లోని జైన మందిరాలని అర్థం చేసుకోవాలంటే ఒక నియమం గుర్తుపెట్టుకోవాలి. జైన సాధువులు, సాధ్వులు వాహనం ఎక్కరు. కాలినడకనే ఊరూరా తిరుగుతారు, వానాకాలం నాలుగు నెలలు ఒకచోట ఆగుతారు. విమానమూ ఓడా వాళ్ళకి నిషిద్ధం. కాబట్టి సముద్రం దాటిన జైనుల వెంట గురువులు రాలేదు. రావడానికి వీల్లేదు. పూజ ఎలా చేయాలి, పిల్లలకి ఏం నేర్పాలి, విగ్రహం ఎప్పుడు పెట్టాలి అన్నవన్నీ దుకాణం నడిపేవాళ్ళు, గుమాస్తాలు, ఇల్లాళ్ళు, డాక్టర్లు కూర్చుని తేల్చుకోవలసి వచ్చింది. మీరు లెస్టర్‌లో చూసింది గృహస్థులు కట్టి గృహస్థులే నడుపుకుంటున్న గుడి. దాని ఆకారం, దాని డబ్బు, ఒకే కప్పు కింద రెండు సంప్రదాయాలు ఉండటం, మూడింటికీ మూలం అక్కడే ఉంది.

మొదటి నుంచీ ఇదే వరస. 1893లో షికాగో సర్వమత సభకి ఆచార్య విజయానంద సూరికి ఆహ్వానం వచ్చింది. ఆయన్ని ఆత్మారామ్‌జీ అని కూడా అంటారు. సాధువు కాబట్టి ఆయన ఓడ ఎక్కలేడు. ఆయన బదులు మహువాకి చెందిన వీర్‌చంద్ రాఘవ్‌జీ గాంధీ అనే యువ గృహస్థు వెళ్ళి జైన మతం గురించి మాట్లాడాడు. సముద్రం దాటినందుకు సొంత సమాజంలోనే ఆయన మీద ఆక్షేపణలు వచ్చాయి. ఇప్పుడు షికాగో దగ్గర బార్ట్‌లెట్‌లోని జైన మందిరంలో ఆయన విగ్రహం ఉంది.

మీ లెస్టర్ గుడి కథ మాత్రం ఆఫ్రికాలో మొదలవుతుంది.

గుజరాత్‌లో జామ్‌నగర్ చుట్టుపక్కల ప్రాంతాన్ని హాలార్ అంటారు. అక్కడ 52 పల్లెల్లో ఓశ్వాల్ జైనులు ఉండేవాళ్ళు. జైనులనగానే మనకి వడ్డీ వ్యాపారమో నగల కొట్టో గుర్తొస్తుంది కానీ, వీళ్ళు ఎక్కువ మంది వ్యవసాయం చేసుకునేవాళ్ళు. 1899-1900లో పశ్చిమ భారతంలో భయంకరమైన కరువు వచ్చింది. విక్రమ సంవత్సరం 1956లో వచ్చింది కాబట్టి గుజరాతీలు దాన్ని ఛప్పనియా కరువు అంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటిష్‌వాళ్ళు మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు రైలు మార్గం వేస్తున్నారు. హాలార్ కుర్రాళ్ళు తెరచాప ఓడలెక్కి మొంబాసాలో దిగారు. ముందు ఎవరి దుకాణంలోనో గుమాస్తాగిరీ, తర్వాత రైలు మార్గం వెంబడి చిన్న ఊళ్ళలో సొంత కొట్టు, ఆ తర్వాత తమ్ముణ్ణో బావమరిదినో పిలిపించుకోవడం. ఇలా పల్లెలకి పల్లెలే కెన్యాకి చేరాయి.

అక్కడ వాళ్ళు మొదట కట్టుకున్నది శిఖరమున్న గుడి కాదని గమనించండి. మహాజన్ అనే సంఘం ఏర్పడింది. పెళ్ళిళ్ళకీ భోజనాలకీ వాడీ అనే హాలు వచ్చింది. దూరపు ఊళ్ళలో కొట్లు ఉన్నవాళ్ళ పిల్లల కోసం హాస్టళ్ళు, బడులు వచ్చాయి. దేవుడు ఇళ్ళలో పటంగానో చిన్న లోహ విగ్రహంగానో ఉన్నాడు. మొంబాసా పాత పట్నంలో తెల్లటి పార్శ్వనాథ మందిరం పూర్తయింది 1963లో. భారత ఉపఖండం బయట సంప్రదాయ శైలిలో శిఖరంతో కట్టిన తొలి జైన మందిరాల్లో దాన్ని లెక్కిస్తారు. అంటే వలస మొదలైన 60 ఏళ్ళకి పైగా తర్వాత. నైరోబీలో పెద్ద ఓశ్వాల్ మందిరం 1984లో వచ్చింది.

ఈ ఆలస్యం పిసినారితనం వల్ల కాదు. మూలవిరాట్టుని ప్రతిష్ఠించాక రోజూ పూజ జరగాలి, ఒక్క పూట కూడా ఆగకూడదు. ఆ మూలవిరాట్టుని వాళ్ళు మూలనాయకుడు అంటారు. రేపు మేము ఈ ఊళ్ళో ఉంటామో లేదో తెలియని జనం ఆ బాధ్యత నెత్తిన పెట్టుకోరు. పిల్లలు ఇక్కడే స్థిరపడతారని నమ్మకం కుదిరాకే ప్రతిష్ఠకి ముహూర్తం పెడతారు. అందుకే నేను ఏ దేశంలోనైనా జైన మందిరం ప్రతిష్ఠ జరిగిన సంవత్సరం చూస్తే, ఆ సమాజం తిరుగు ప్రయాణం ఆలోచన మానుకున్న కాలం అదేననుకుంటాను.

మొంబాసాలో ఆ నమ్మకం పెట్టుకున్న ఏడాదే కెన్యాకి స్వాతంత్ర్యం వచ్చింది. తర్వాత 1967లో వచ్చిన వలస, వ్యాపార చట్టాలు స్థానిక పౌరసత్వం తీసుకోని ఆసియావాళ్ళకి పని పర్మిట్లు, లైసెన్సులు కష్టం చేశాయి. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఇంగ్లండ్‌కి బయల్దేరారు. 1968 మార్చిలో బ్రిటన్ ఆ తలుపు కూడా చాలా వరకు మూసేసింది. 1972లో ఉగాండా నియంత ఈదీ అమీన్ ఆసియావాళ్ళకి 90 రోజుల గడువిచ్చి వెళ్ళగొట్టాడు. అప్పుడు లెస్టర్ నగర కౌన్సిల్ ఒక పని చేసింది. ఉగాండా పత్రికలో "దయచేసి లెస్టర్‌కి రాకండి, ఇళ్ళు లేవు, బడుల్లో చోటు లేదు" అనే అర్థం వచ్చే ప్రకటన వేయించింది. అయినా జనం వచ్చారు. మేజోళ్ళ మిల్లుల్లో, చెప్పుల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేశారు. సొంత కొట్లు వదులుకుని వచ్చిన మగవాళ్ళు యంత్రాల ముందు నిలబడ్డారు, ఆఫ్రికాలో గడప దాటి పనికి వెళ్ళని ఆడవాళ్ళు కుట్టుమిషన్ల మీద కూర్చున్నారు. నా దగ్గరికి లెక్కలు తెచ్చిన పెద్దవాళ్ళు ఆ రోజుల గురించి అడిగితేనే చెప్పేవాళ్ళు, అదీ రెండు ముక్కల్లో.

ఆ తరమే 1979లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని ఆ పాత చర్చి భవనం కొన్నది. చర్చికి వచ్చేవాళ్ళు తగ్గిపోయి ఇలాంటి భవనాలు అమ్మకానికి వస్తున్న కాలం అది. అమెరికాలో బోస్టన్ జైనులు కూడా 1981లో నార్‌వుడ్‌లో ఒక లూథరన్ చర్చినే కొని మందిరంగా మార్చుకున్నారు. లెస్టర్ భవనానికి భారత్‌లో చెక్కించిన రాళ్ళు తెప్పించి, ముందు భాగానికి పాలరాయి తొడిగారు. లోపల చెక్కడపు స్తంభాలు పెట్టారు. చర్చి కిటికీలకి రంగుటద్దాలు ఉంటాయి కదా, ఇక్కడ ఆ అద్దాల మీద మహావీరుడి జీవిత ఘట్టాలు ఉంటాయి. 1988లో ప్రతిష్ఠ జరిగింది. నాకు ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఇష్టమైన భవనం ఇదే.

ఒకే కప్పు కింద రెండు సంప్రదాయాలు ఎందుకంటే, విడివిడిగా కట్టుకునేంత మంది లేరు. అంతే. ఆ భవనంలో శ్వేతాంబర మందిరం ఉంది, దిగంబర మందిరం ఉంది, మహావీరుడి శిష్యుడు గౌతమ స్వామి మందిరం ఉంది, విగ్రహారాధన చేయని స్థానకవాసుల కోసం ఉపాశ్రయం అనే ప్రార్థన గది ఉంది, గాంధీజీని ప్రభావితం చేసిన శ్రీమద్ రాజచంద్ర పేరిట ఒక గది ఉంది. భారత్‌లో ఇవన్నీ ఒక గడప లోపల దాదాపు కనిపించవు. మహారాష్ట్రలో శిర్పూర్ అంతరిక్ష పార్శ్వనాథ మందిరం మీద రెండు వర్గాలూ దశాబ్దాలు కోర్టుల్లో పోరాడాయి, గుడికి ఏళ్ళ తరబడి తాళాలేసి ఉంచారు. అక్కడ వర్గానికో ఆచార్యుడు, ఆయన మాటకి వెనక నిలబడే జనం ఉంటారు. లెస్టర్‌లో ఆచార్యుడు లేడు. "మన పిల్లలకి నవకార మంత్రమైనా వస్తుందా?" అన్న బెంగ అందరికీ ఒకటే. అందుకని కలిసి కూర్చున్నారు. సంఖ్య పెరిగిన చోట వేరుపడటం కూడా జరుగుతుంది, లండన్ చుట్టుపక్కల విడి మందిరాలు, విడి సంఘాలు ఉన్నాయి. దాన్ని నేను తప్పు పట్టను కానీ, ఉన్న కొద్దిమందీ కలిసి పట్టుకొచ్చిన ఈ సర్దుబాటు చాలా విలువైనదని నా గట్టి నమ్మకం.

ఇక డబ్బు. నా వృత్తి విషయం కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

మన హైదరాబాద్‌లో బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంపాట మీకు తెలుసు కదా. జైన మందిరాల్లో బోలీ అనేది ఆ రకమే, కానీ ఏడాదికి ఒక్కసారి జరిగే సరదా కాదు, గుడి ఆర్థిక వ్యవస్థే దాని మీద నడుస్తుంది. విగ్రహాన్ని పీఠం మీద కూర్చోబెట్టే భాగ్యం, శిఖరం మీద కలశం ఎత్తడం, ధ్వజం ఎగరేయడం, మొదటి పూజ, మొదటి హారతి, ఒక్కోదానికీ వేలం జరుగుతుంది. పాతకాలంలో ఇన్ని మణుగుల నెయ్యి అని పాడేవాళ్ళు, దాన్ని డబ్బులోకి మార్చి కట్టేవాళ్ళు. ప్రతిష్ఠ ఉత్సవాల్లో బోలీల మీదే గుడి ఖర్చులో పెద్ద భాగం వచ్చేస్తుంది. ధ్వజం ఏటా ప్రతిష్ఠ జరిగిన తిథినాడు మారుస్తారు. కొన్ని చోట్ల ఆ హక్కుని ఒక కుటుంబం శాశ్వతంగా పాడుకుంటుంది, మనవళ్ళు ఎక్కడున్నా ఆ రోజుకి విమానమెక్కి వస్తారు.

ఇలా దేవుడి పేరున వచ్చిన డబ్బుని దేవద్రవ్యం అంటారు. శ్వేతాంబర మూర్తిపూజక సంప్రదాయంలో దీని మీద నియమాలు చాలా గట్టివి. విగ్రహం, మందిరం, శాస్త్రం, సాధువులు, సాధ్వులు, శ్రావకులు, శ్రావికలు అని దానానికి ఏడు క్షేత్రాలు చెప్తారు. పై క్షేత్రానికి వచ్చిన డబ్బు కింద క్షేత్రానికి వాడకూడదు. దేవద్రవ్యంతో గుడి కట్టొచ్చు, పాత గుడి బాగుచేయొచ్చు. బడి కట్టకూడదు, భోజనాలు పెట్టకూడదు, హాలుకి హీటర్ కూడా కొనకూడదు. వాటికి సాధారణ ఖాతా వేరే ఉండాలి. పాడిన బోలీ డబ్బు కట్టకుండా ఉంచుకోవడం మహాపాపమని వాళ్ళ నమ్మకం. మామూలు వ్యాపారంలో మొండి బకాయిలు రాయడం మాకు రోజూ ఉండే పని. బోలీ బకాయి అలా రద్దయిపోవడం నేను చూడలేదు.

ఇప్పుడు మీ ఆశ్చర్యానికి సమాధానం దొరికినట్టే. ఈ చిన్న సమాజం దేవుడి కోసం ఇచ్చిన డబ్బు ఇంకోదానికి పోవడానికి దారి లేదు, అది రాయిగానే మారుతుంది. ఒక్క గుడికి చాలినంత వచ్చాక మిగిలింది ఇంకో ఊరి గుడికి పోతుంది, లేదా గుజరాత్‌లోనో రాజస్థాన్‌లోనో పాత మందిరాల జీర్ణోద్ధరణకి పోతుంది. దీని వల్ల ఇబ్బంది కూడా ఉంది. దేవద్రవ్యం ఖాతా నిండుగా, పాఠశాల నడపాల్సిన సాధారణ ఖాతా ఖాళీగా ఉన్న ట్రస్టుల్ని చూశాను. పిల్లలకి ధర్మం చెప్పే టీచరుకి జీతం ఇవ్వలేక, గర్భగుడికి ఇంకో వెండి తలుపు చేయించడం నాకు బాధగా ఉండేది. వాళ్ళలోనూ చాలామందికి అలాగే ఉండేది. అందుకే ఇప్పుడు కొన్ని చోట్ల దానం పెట్టె దగ్గరే "సాధారణ ఖాతాకి ఇవ్వండి" అని గట్టిగా అడుగుతున్నారు.

గురువులు రాలేనప్పుడు ప్రతిష్ఠ ఎవరు చేస్తారనే సందేహం రావచ్చు. విగ్రహానికి కళ్ళు తెరిపించే విధిని అంజనశలాక అంటారు. అది ఆచార్యులే చేయాలి. కాబట్టి దాన్ని భారత్‌లోనే పూర్తి చేయించి, విగ్రహాలని విదేశానికి తీసుకెళ్తారు. అక్కడ పీఠం మీద నిలిపే విధులు విధికారులనే గృహస్థులు చేయిస్తారు. గుడి చెక్కడం సోంపురా స్థపతుల పని. గుజరాత్, రాజస్థాన్ శిల్పశాలల్లో రాళ్ళు చెక్కి, ఒక్కోదానికీ నంబరు వేసి, కంటైనర్లలో పంపుతారు. అక్కడ ఆ నంబర్ల వరసలో పేరుస్తారు.

సాధువుల విషయంలో కొన్ని మినహాయింపులు వచ్చాయి. 1970లో చిత్రభాను జెనీవా సభకి విమానంలో వెళ్ళారు. 1975లో సుశీల్ కుమార్ అమెరికా వెళ్ళి, 1983లో న్యూజెర్సీలో సిద్ధాచలం అనే ఆశ్రమం పెట్టారు. ఇద్దరి మీదా స్వదేశంలో పెద్ద వివాదమే నడిచింది. శ్వేతాంబరుల్లో ఒక శాఖ అయిన తేరాపంథ్‌కి చెందిన ఆచార్య తులసి 1980లో వేరే దారి తీశారు. పూర్తి దీక్షకి ఒక మెట్టు కింద సమణ, సమణి అనే శ్రేణి ఏర్పరచి, వాళ్ళకి ప్రయాణాల విషయంలో సడలింపు ఇచ్చారు. లండన్, హ్యూస్టన్ లాంటి చోట్ల ఇప్పుడు కనిపించే తెల్లచీరల సమణీలు వీళ్ళే.

వ్యాపారాన్ని బట్టి వలస దారులు మారాయి కానీ వరస ఇదే. ఉత్తర గుజరాత్‌లోని పాలన్‌పూర్ జైనులు వజ్రాల వ్యాపారంలో 1960ల నుంచి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ చేరారు. సూరత్, నవసారిలో సాన పట్టిన చిన్న వజ్రాలతో యూదు వర్తకుల పక్కన నిలదొక్కుకున్నారు. అక్కడ విల్‌రైక్‌లోని పాలరాతి మందిరం ప్రతిష్ఠ 2010లో జరిగింది. జపాన్‌లోని కోబెలో ముత్యాల వర్తకులు కొద్ది కుటుంబాలే అయినా కితానో ప్రాంతంలో 1985లోనే మహావీర స్వామి మందిరం కట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో ఓశ్వాల్‌లు లండన్ ఉత్తరాన పాటర్స్ బార్ దగ్గర ముందు స్థలం కొని, హాలు వేసుకుని, పెళ్ళిళ్ళు జరుపుకుని, చివరికి 2005లో మందిరం నిలిపారు. మొంబాసా వరసే మళ్ళీ.

అమెరికాలో మాత్రం తేడా ఉంది. బ్రిటన్‌కి ఆఫ్రికా మీదుగా కులం మొత్తం కదిలివచ్చింది కాబట్టి ఓశ్వాల్, నవనాత్ వణిక్ లాంటి కుల సంఘాలు చెక్కుచెదరలేదు. అమెరికాకి 1965 వలస చట్టం తర్వాత డాక్టర్లు, ఇంజనీర్లు ఒక్కొక్కరుగా వెళ్ళారు. పక్కింట్లో సొంత కులంవాళ్ళు ఉండే అవకాశమే లేదు. అందుకని అక్కడ ఊరికో జైన్ సెంటర్, అందులో అందరూ. న్యూయార్క్ క్వీన్స్‌లోని ఎల్మ్‌హర్స్ట్‌లో ఒకే భవనంలో ఒక్కో అంతస్తు ఒక్కో సంప్రదాయానికి ఇచ్చారు. ఇంకా కొద్దిమంది ఉన్నచోట హిందువులతోనే కలిశారు. పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్ వెంకటేశ్వర స్వామి గుడి మన తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు తక్కువ. అక్కడికి దగ్గర్లోనే మన్రోవిల్‌లో హిందూ జైన మందిరం ఉంది. లక్ష్మీనారాయణులూ తీర్థంకరులూ ఒకే ఆవరణలో ఉంటారు. అటు వెళ్ళినప్పుడు చూడండి.

మీరు గుంటూరు అన్నారు కాబట్టి ఒక మాట. విజయవాడ దారిలో నంబూరు దగ్గర హ్రీంకార్ తీర్థం మీరు చూసే ఉంటారు. మన ఊళ్ళలో నగల కొట్లు, బట్టల కొట్లు, స్టీలు సామాన్ల కొట్లు నడిపే జాలోర్, సిరోహీ, పాలీ జిల్లాల జైనులు కూడా ఇలాగే గుమాస్తాలుగా వచ్చి, అన్నదమ్ముల్ని తెచ్చుకుని, గుడి కట్టుకున్నవాళ్ళే. తెలుగునేల మీద జైనం చాలా పాతది. కడప జిల్లా దానవులపాడు, కరీంనగర్ దగ్గర కుర్క్యాల బొమ్మలగుట్ట అందుకు సాక్ష్యం. కానీ ఆ పాత తెలుగు జైన సమాజం మధ్యయుగాల్లో కనుమరుగైపోయింది. ఇప్పుడు పాత జైన క్షేత్రం కొలనుపాకలో పూజలు జరిపించేది ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్ మూలాలున్న కుటుంబాలే. మనం వాళ్ళని సేఠ్‌లని పిలిచి ఊరుకుంటాం, ఏ పల్లె నుంచి ఏ కరువులో వచ్చారని అడగం. లెస్టర్‌లో మనమే వలసవాళ్ళం అయ్యాక ఆ ప్రశ్న అడగడం తేలికవుతుంది.

ఇక వెళ్ళే పద్ధతి. చెప్పులతోపాటు తోలు బెల్టు, తోలు పర్సు కూడా బయటే పెట్టండి. మీరు తినడానికీ తాగడానికీ తెచ్చుకున్నవి లోపలికి తీసుకెళ్ళొద్దు. దర్శనానికి మామూలు బట్టలు చాలు. విగ్రహాన్ని ముట్టుకుని చేసే పూజకి మాత్రం స్నానం చేసి, పూజకని ఉంచిన బట్టలు కట్టుకుని, నోటికి అడ్డంగా గుడ్డ కట్టుకోవాలి, కాబట్టి ఆ గీత దాటకండి. కళ్ళు మెరుస్తూ అలంకారంతో ఉన్నవి శ్వేతాంబర విగ్రహాలు, అలంకారం లేకుండా ధ్యానంలో ఉన్నవి దిగంబర విగ్రహాలు. మన గుళ్ళలోలాగా తీర్థప్రసాదాల కోసం చూడకండి. తీర్థంకరుడికి పెట్టింది తిరిగి తీసుకోరు. మీరు కూడా పండో స్వీటో పట్టుకెళ్తే అక్కడే వదిలి రావాలి. ఫొటో తీసే ముందు అడగండి.

వీలైతే ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చే జైనుల పర్యూషణ పండుగ రోజుల్లో, మహావీర జన్మ వాచనం జరిగే రోజున వెళ్ళండి. మహావీరుడి తల్లి త్రిశలాదేవి కన్న 14 కలల్ని వెండి రూపాల్లో పైనుంచి దించుతూ, ఒక్కో కలకీ బోలీ పాడతారు. నేను పైన చెప్పిన దేవద్రవ్యం మీ కళ్ళ ముందే పోగవుతుంది. మైకులో గుజరాతీయే ఎక్కువ నడుస్తుంది. పక్కన కూర్చున్న పెద్దావిడని ఇంగ్లీషులో అడిగితే అన్నీ చెప్తుంది, వాళ్ళకి అలా అడగడం ఇష్టం. భోజనాలు ఉంటే సూర్యాస్తమయానికి ముందే అయిపోతాయి, కాబట్టి పెందరాళే బయల్దేరండి.